దోసిట్లో బాన్సువాడ

తెల్లారితే సాయవ్వకు రెండు పనులు. ఒకటి, మూడు రాళ్ల పొయ్యి ముట్టించి అంబలి కాయడం. రెండు, మొగుణ్ణి తిట్టడం. రెండూ ఒకేసారి ఉడికేవి. ఆమె గొంతు లేచిందంటే నిజాంసాగర్ తూములు వాటంతటవే దిగిపోయేవనీ, రుద్రూర్ దాకా కొంగలు గూళ్లు మార్చుకునేవనీ చెప్తారు. కొంచెం తగ్గించే చెప్తారు.

"ఏమయ్యా, ఎద్దుల ముందల గడ్డి ఏసినవా, గడ్డిల నువ్వే పన్నవా?"

"పన్నది నేనే, మేసింది ఎడ్లే," అనేవాడు ఆశన్న.

ఆశన్న బాన్సువాడకు నీరటి. చెరువు నీళ్లు ఏ మడికి ఎంత పోవాలో చూసి పంచేవాడు. నిజాంసాగర్ కాలువ వచ్చాక ఆ పనికి సర్కారు మనుషులు వచ్చారు. ఆశన్న భుజం మీది పార దించి, పొలం కొడుక్కి అప్పజెప్పి, బండికి వెదురు తడికెల కప్పు వేయించి, "పా, దేశం చూద్దాం" అన్నాడు. సాయవ్వ ఉప్పు, రోకలి, ఒక కోడిపుంజు సర్దుకుంది. పండరిపురం చూశారు, పూరీ చూశారు, రామేశ్వరం చూశారు. పోయినచోటల్లా సాయవ్వ తన ఊరి గొప్పలే చెప్పింది. బాన్సువాడలో ఒక్క వడ్లగింజ దంచితే ఇంటిల్లిపాదికీ అన్నమట. అక్కడి గాలి పీలిస్తే గొడ్డుబర్రె కూడా కడివెడు పాలిస్తుందట. సముద్రాన్ని చూసి, "మా కాలువంత లేదు" అంది.

ఆ నోరే కాశీలో కొంప ముంచింది.

కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైనది ఒకటి గంగలో విడిచి రావాలి కదా. ఆశన్న జామపండు విడిచాడు. తోడొచ్చిన దేవీబాయి తెలివిగా తనకు గిట్టని కాకరకాయ విడిచింది. గంగ పట్టలేదు, ఇప్పటికీ ఆమె వండిన పాయసం కూడా చేదే. సాయవ్వ వంతు వచ్చింది. దారి పొడుగునా గొప్పలు విన్నవాళ్లంతా ఆమె మొహమే చూస్తున్నారు. చిక్కుడుకాయ అంటే పరువు పోతుంది. దోసిట్లో నీళ్లు పట్టి, "బాన్సువాడ" అనేసింది.

గంగ పట్టింది.

తిరుగుదారిలో బండి రుద్రూర్ దాటింది. బాన్సువాడ దొర గడి బురుజు కనబడింది. పొద్దంతా తోలారు. బురుజు ఎక్కడున్నది అక్కడే ఉంది. సంగతి తెలిసి కోడలు గంగమణి మామిడికాయ తొక్కు పట్టుకుని ఎదురొచ్చింది. "నడుము నొస్తలేదా అత్తా? జర కూసో," అంది. అంతే. ఇంకెవరూ వేరే మాట అనలేదు. విడిచింది విడిచినట్టే.

ఆశన్న ఒక్కడే నడిచిపోతే ఊళ్లోకి పోగలడు. పోయి, మనవలను ముద్దాడి, పొద్దుగూకక ముందే బండి దగ్గరికి వచ్చేసేవాడు. ఉండిపొమ్మని కొడుకు బతిమాలితే, "మీ అవ్వ తిట్టకుంటె నాకు నిద్ర రాదురా" అనేవాడు. మళ్లీ ఇద్దరూ దేశం మీద పడేవారు. ఏడాదికోసారి వచ్చి, దూరం నుంచి బురుజును చూసుకుని పోయేవారు.

దేశదేశాల పెద్ద లడాయి రోజులవి. వడ్లన్నీ సర్కారు లెవీకి పోయి, జనం చింతగింజలు దంచుకుని తింటున్నారు. ఆ ఎండాకాలం బండి అదే బాటన ఆగి ఉండగా ఒక పిల్ల తడికెల కప్పు కిందికి దూరింది. లంబాడి పిల్ల, పేరు కమ్లి. కాళ్లు తుమ్మముళ్లకు జల్లెడయ్యాయి. మణికట్లకు తాడు ఒరుసుకున్న పుండ్లు.

"అవ్వా, గడిలకెళ్లి ఉరికొచ్చిన. డోంగ్లి అవతల మా మామ తండా. ఆడిదాక తీస్కపో."

బాన్సువాడ గడిలో ఆమె దొరకు వెట్టిమనిషి. అంతకుముందు పోచవ్వ అనే ఆమె ఇట్లాగే పారిపోతే పట్టుకొచ్చారు. తెల్లారి గడి బావిలో తేలింది. కమ్లిని తీసుకుపోయినా ఆ బావే.

ఎద్దులను కట్టేలోపే దొర మనుషులు దేవిదాస్, ఎల్లన్న వచ్చారు. చేతుల్లో కర్రలు, తాడు.

"బండిల పిల్ల ఉన్నది, దింపు అవ్వా," అన్నాడు దేవిదాస్.

"నా బండిల ముసలోడు ఉన్నడు, కోడిపుంజు ఉన్నది. నీకు ఏది గావాలె?"

దేవిదాస్ నవ్వలేదు. కమ్లిని జుట్టు పట్టి లాగి, చేతులకు తాడు కట్టాడు. సాయవ్వ గొంతు మెత్తబరిచింది. "ఎండల ఏం నడుస్తరు బిడ్డా? బండెక్కుండ్రి. మేమే తోల్తం."

"నీ బండెక్కితే ఈ జన్మల బాన్సువాడ మొకం చూస్తమా? మాకు తెల్వదా? నడిపిచ్చుకపోతం."

"అయితె దానికి గుక్కెడు నీళ్లన్న పొయ్యనియ్యి. నువ్వు తల్లి కడుపుల పుట్టలేదా?"

నీళ్లకు కాదనే మనిషి ఆ తట్టున పుట్టలేదు. దేవిదాస్ తాడు కొస పట్టుకుని పక్కకు జరిగాడు.

సాయవ్వ కుండ ముట్టలేదు. కప్పు మూల నుంచి, లక్కతో మూసిన కాశీచెంబు తీసింది. ఇద్దరిలో ముందు పోయేవాళ్ల నోట్లో పోయడానికి దాచిన గంగ అది. ఆశన్న రొమ్ములో అప్పటికే పిల్లికూతలు. ఆ నీళ్లు ఎవరివో ఇద్దరికీ తెలుసు. ఆశన్న చెంబు అందుకుని లక్క తానే గీకాడు.

"ఇగ నీ నోట్లె ఏం పొయ్యాలయ్యా?"

"అంబలి పొయ్యి. జర పలుచగ కాయి."

కమ్లి కట్టిన చేతులతోనే దోసిలి పట్టింది. సాయవ్వ నీళ్లు పోసి, ఆమె చెవిలో అంది: "తాగకు. బాన్సువాడ ఇడుస్తున్న అను. ఇగ నిన్ను ఎవ్వడు ఆడికి చేర్చలేడు."

"గదెంత పని? ఇడుస్తున్న."

నీళ్లు కదల్లేదు. వేళ్ల సందుల్లోంచి ఒక్క చుక్క కారలేదు.

"ఇష్టం లేనిది గంగ పట్టదు బిడ్డా. ఆడ నీకు ఇష్టమైంది ఏమన్న ఉన్నదా?"

"మంజీర ఒడ్డుకు నా బిడ్డ ఉన్నది," అంది కమ్లి.

"ఎంత బిడ్డ?"

చేతులు ఖాళీ లేవు. కమ్లి గడ్డంతో తన మోచేతిని చూపించి, అక్కడి నుంచి వేళ్ల దాకా తెచ్చింది. చలికాలంలో తానే గుంత తవ్వి పెట్టింది. గడికి నీళ్లు మోసేటప్పుడు కడవ దించి, ఆ పక్కన కాసేపు కూర్చుని లేచేది.



"ఇగ దాని దగ్గరికి పోరాదా అవ్వా?"

"పోరాదు."

కమ్లి దోసిట్లోకి చూసింది. తాడు వైపు చూసింది. "ఇడుస్తున్న," అంది. నీళ్లన్నీ ఒక్కసారిగా జారిపోయాయి. నేల తడవలేదు.

"తాగమంటే పారబోస్తవేందే!" అని దేవిదాస్ తాడు గుంజాడు.

నడిచారు. బురుజు కళ్ల ముందే ఉంది. నీడలు పొడుగయ్యాయి. చెప్పులు అరిగి వార్లు మిగిలాయి. ఒకే తుమ్మచెట్టు వందసార్లు ఎదురొచ్చింది. బురుజు మీది పావురం మాత్రం ఆవగింజంతే ఉంది. ముందు ఎల్లన్న ఆగాడు.

"అన్నా, ముసల్ది పని జేసింది."

"అయితె ఈడనే తలకాయ పగలగొట్టి పోదాం," అని దేవిదాస్ కర్ర ఎత్తాడు.

"దొరకు పీనుగనన్న చూపియ్యాలె కద? పీనుగ సుత చేరది. దాన్ని మోసుకుంట ఈ బాటనే ముసలోళ్లమైతం. మా ఇంటిది గట్క వండి కూసున్నది అన్నా."

దేవిదాస్ ఎత్తిన కర్ర ఎంతకీ దించలేదు. చివరికి కమ్లి వీపు మీద ఒక్క దెబ్బ వేసి, తాడు వదిలేశాడు. వదిలిన మరుక్షణం బురుజు నీడ ఆ ఇద్దరి మీదా పడింది. మంజీరలో కొట్టుకుపోయిందని దొరకు చెప్పారు. నడి ఎండాకాలం, మంజీరలో కోడిపిల్ల మునిగే నీళ్లు లేవు. దొర మారు అడగలేదు. దొర తల్లి కూడా కాశీకి పోయొచ్చినదే.

వెనకాలే తోలుకొచ్చిన బండిలోకి కమ్లి పాక్కుంటూ ఎక్కింది. డోంగ్లి అవతల తండా చేరేసరికి అక్కడ ఎనిమిది బూడిద పొయ్యిలు, ఒక కుక్క తప్ప ఏమీ లేవు. ఆకలికి జనమంతా ఎటో లేచిపోయారు. కమ్లి బండిలోనే ఉండిపోయింది.

ఏడాది తిరిగాక బండి మళ్లీ బురుజు కనబడేచోట ఆగింది. ఆశన్న కర్ర ఊతంగా, నాలుగడుగులకొకసారి ఆగుతూ, ఒక్కడే ఊళ్లోకి పోయాడు. కమ్లి గుర్తులు చెప్పింది: రేగుపొద, దాని మొదట్లో రెండు రాళ్లు. మంజీర ఒడ్డున రేగుపొద లేదు, రాళ్లు లేవు. దొర నాగళ్లు నీళ్ల అంచు దాకా దున్నేశాయి. మనిషిని మించిన చెరుకు. ఆశన్న లోపలికి పోయి, ఏ సాలు దగ్గర నిలబడాలో తెలియక, అన్ని సాళ్లలోనూ కాసేపు కాసేపు నిలబడి వచ్చాడు.

కమ్లి ఎదురొచ్చింది.

"పచ్చగున్నది బిడ్డా," అన్నాడు.

"ఎండ గొడుతలేదా దానికి?"

"లేదు. నీడనే ఉన్నది."

కమ్లి తల ఊపింది. "నువ్వు ఒరుగు తాతా, దమ్ము తీస్కో," అని పగ్గాలు తాను అందుకుని ఎద్దులను మళ్లించింది.

సాయవ్వ మొగుడి పాదాలు ఒళ్లో పెట్టుకుని మట్టి దులుపుతోంది. వేళ్ల సందులో చెరుకాకు పీలిక ఒకటి దొరికింది. కమ్లి వీపు వైపు ఒకసారి చూసి, దాన్ని నోట్లో వేసుకుని నమిలి మింగేసింది.