ఎడమ కాలి చెప్పు

కడుపుమంటకి మందు లేదంటారు. ఉన్నా చప్పుళ్లాయన వేసుకునేవాడు కాదు. ఆ మంట దగ్గరే ఆయన ఇన్నేళ్లుగా చలి కాచుకుంటున్నాడు.

ఆయన పని సినిమాలకి చప్పుళ్లు చేయడం. తెర మీద హీరో మెట్లెక్కుతుంటే వినిపించే అడుగులు హీరోవి కావు, ఈయనవి. షూటింగులో పట్టిన చప్పుళ్లు సరిగ్గా ఉండవు కాబట్టి, తర్వాత ఓ మూసిన గదిలో బొమ్మ చూస్తూ, మైకు ముందు అన్నీ ఈయనే మళ్లీ చేస్తాడు. ఆ గది నేలంతా అతుకులే. ఓ చోట చెక్క, ఓ చోట గచ్చు, ఓ చోట కంకర, మూలన ఇసుక తొట్టి. గొడుగు టపటపా తెరిచి మూస్తే పావురాలు ఎగిరిపోతాయి. నలిపిన ప్లాస్టిక్ కాగితాన్ని మైకు దగ్గర మెల్లగా విప్పితే ఇల్లు తగలబడుతుంది. గోడలకి గూళ్లు, గూళ్ల నిండా చెప్పులూ బూట్లూ. చెప్పుల కొట్టు పెట్టుకున్నా ఈపాటికి బాగుపడేవాణ్ణని ఆయనే అంటుంటాడు.

అసలు మంట ఎక్కడంటే, ఆయన భార్యకి స్వయానా అన్నయ్య సంగీత దర్శకుడు.

ఈయన రోజుల తరబడి నీళ్లలో నాని, రేకులు వంచి, ఓ గాలివాన తయారుచేస్తే, ఆ బావగారొచ్చి దాని మీద లారీడు వయొలిన్లు కుమ్మరించేవాడు. థియేటర్లో వాన కనిపించేది గానీ వినిపించేది కాదు. చుట్టుపక్కల వాళ్లు ముక్కులు ఎగబీల్చేవాళ్లు. పక్కసీట్లో భార్య కొంగుతో కళ్లొత్తుకుని, “మా అన్నయ్య ఎంత బాగా కొట్టాడండీ మ్యూజిక్కు!” అనేది. ఈయన పళ్లు పటపట కొరికేవాడు. ఆ చప్పుడు కూడా ఎవరికీ వినిపించేది కాదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ అడగలేదు, ఇంటినే అడిగాడు. ఒక్క సినిమాలో, ఒక్క సీనులో, “ఇది మీరు చేసిన చప్పుడు కదూ!” అని పెళ్లాం అంటే చాలనుకున్నాడు. అందుకోసం ఎన్నోసార్లు దారి కూడా చూపించాడు. “ఆ తలుపు కిర్రుమంది విన్నావా?” అని అడిగితే, “ఏ తలుపండీ? నేను ఫ్లూటు వింటున్నాను” అనేది ఆవిడ. పెరటి చెట్టు మందుకి పనికిరాదు మరి.

దాంతో ఆయనకి కుళ్లు మాటలు అలవాటయ్యాయి. బావ కొత్త ట్యూను కడితే “ఎక్కడో విన్నట్టుంది” అనేవాడు. పాట హిట్టయితే “జనానికి చెవులెక్కడివి” అనేవాడు. చివరికి భార్య ఆయన మాటల్ని చెవిన వేసుకోవడమే మానేసింది.

అంతలో ఓ సినిమా వచ్చింది. అందులో ఒక సీను చూపిస్తూ డైరెక్టరు చెప్పాడు. “ఇందులో మాటల్లేవు. మొగుడి మీద అలిగి ఆవిడ బయల్దేరుతుంది. హాలు దాటి గుమ్మం దాకా వచ్చి, ఆగి, మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. నువ్వు అడుగులు పెట్టు చాలు. మిగతాది మీ బావగారు చూసుకుంటారు.”

ఆ చివరి మాట పుండు మీద కారం చల్లినట్టయింది. అడుగులతోనే సీను నిలబెట్టి చూపిస్తానని పంతం పట్టాడు. గూళ్లలో చెప్పులన్నీ వేసి చూశాడు. కోపం వచ్చింది, తొందర వచ్చింది, కాలినొప్పి కూడా వచ్చింది. అలక మాత్రం రాలేదు.

ఆ సాయంత్రం అత్తగారికి మందులు తేవడం మర్చిపోయి ఉత్త చేతులతో ఇంటికెళ్లాడు. భార్య ఒక్క మాట కూడా అనలేదు. చెప్పులేసుకుని తనే బయల్దేరింది. ఈయన పేపరు చాటున నక్కి కూర్చున్నాడు. కుడికాలు టక్కున పడింది. ఎడమకాలు వెనకాలే జర్రున ఈడ్చుకుంటూ వచ్చింది. టక్, జర్ర్. టక్, జర్ర్. గుమ్మం దగ్గర ఆగింది. ఎడమ చెప్పుకి పట్టీ వదులు, బొటనవేలితో దాన్ని ముందుకి తోసుకుంది. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని చూసే మనిషి అంతసేపే సర్దుకుంటుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆ చప్పుడుకి భయపడ్డాడే గానీ, ఒక్కనాడూ చెవిపెట్టి వినలేదు. పేపరు దానంతటదే ఒళ్లోకి జారిపోయింది.

మర్నాడు ఆ చెప్పులు మాయమయ్యాయి. ఇల్లంతా వెతికి, ఆవిడ పక్కింటి కుక్కని తిట్టింది. ఈయన కూడా పక్కన నిలబడి కుక్కని నాలుగు తిట్లు తిట్టాడు.

ఆడవాళ్ల చెప్పుల్లో ఆయన పాదాలు సగమే పట్టాయి, మడమలు వెనక వేలాడాయి. అయినా మైకు ముందు నడిచాడు. అద్దం అవతల కూర్చున్న సౌండు ఇంజనీరు తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు. “ఏంటండీ, ఎవరో నిజంగా అలిగి వెళ్లిపోతున్నట్టుంది,” అన్నాడు. చప్పుళ్లాయన పొంగిపోబోయి ఆగాడు. అన్నీ కలిపే మిక్సింగుకి తనని పిలవరు. అక్కడ బావగారి వయొలిన్లు దీన్ని కూడా ముంచేస్తాయి. “నా బతుకింతే,” అనుకుని చెప్పులు బండి డిక్కీలో పడేశాడు. ఇంటికి తీసుకెళ్లే ధైర్యం లేక అవి అక్కడే ఉండిపోయాయి.

సినిమా విడుదలయ్యాక భార్యతో వెళ్లాడు. ఆ సీను వచ్చింది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ఇదిగో మొదలవుతాయి, ఇదిగో మొదలవుతాయి అని వయొలిన్ల కోసం కాచుకున్నాడు. హీరోయిన్ లేచింది. టక్, జర్ర్. వయొలిన్లు రాలేదు. హాలు దాటింది. ఫ్లూటు లేదు, వీణ లేదు, ఏమీ లేదు. థియేటరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. గుమ్మం దగ్గర బొటనవేలు చెప్పుని ముందుకి తోసింది. వెనక వరసలో ఎవరో వెక్కారు.

చప్పుళ్లాయన మెల్లగా తల తిప్పాడు. భార్య కళ్లనిండా నీళ్లు. ఇప్పుడంటుంది, ఇన్నేళ్లకి అంటుంది అనుకున్నాడు.

“మా అన్నయ్య ఎంత బాగా కొట్టాడండీ!” అంది ఆవిడ. “చిన్నప్పట్నుంచీ తెలిసిన పాటలా ఉంది.”

“అక్కడ మ్యూజిక్కే లేదే!”

“అబ్బ! వాడికి మంచి పేరొస్తే మీకు కళ్లలో నిప్పులు పోసుకున్నట్టుంటుంది. మ్యూజిక్కు లేకుండానే నేను ఏడుస్తున్నానా?”

దానికి జవాబు ఆయన దగ్గర ఉంది. కానీ ఆయన నోటి నుంచి వస్తే దాని విలువ చెల్లని కాసే. ఇన్నేళ్ల కుళ్లు మాటలు ఆయన్ని ఆ గతికి తెచ్చాయి.

ఆ సినిమాకే బావగారికి పెద్ద అవార్డు వచ్చింది. అత్తగారింట్లో అందర్నీ భోజనాలకి పిలిచారు. నడుం నొప్పితో అత్తగారు లోపలి గదిలో పడుకున్నారు. హాల్లో మిగతా వాళ్లంతా చేరారు. బావగారి భార్య ఉత్సాహంగా ఓ ఆట మొదలుపెట్టింది. “సినిమాల్లో మీకు గుర్తుండిపోయిన మ్యూజిక్కు ఏదో తలొకటి చెప్పాలి.”

ఒకరు రైలు కదులుతున్నప్పటి ఫ్లూటు అన్నారు. ఒకరు విలన్ దిగేటప్పటి డప్పులన్నారు. పిన్నత్తగారు మాత్రం చెయ్యి ఊపేసింది. “అవన్నీ ఎందుకు? మనవాడి కొత్త సినిమాలో ఆ అమ్మాయి అలిగి వెళ్తుంటే వచ్చే మ్యూజిక్కు ముందు అన్నీ దిగదుడుపే!” అని, కళ్లు మూసుకుని, ఆ లేని రాగాన్ని కూనిరాగం తీసింది. “అదే, అదే!” అన్నారు అందరూ. ఒకావిడ తాళం కూడా వేసింది.

చప్పుళ్లాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. సొమ్మొకడిది, సోకొకడిది.

బావగారు ఇబ్బందిగా కదిలాడు. “పిన్నీ, ఆ సీనులో నేను ఒక్క స్వరం కూడా వేయలేదు. అదంతా బావ చేసిందే,” అన్నాడు.

హాలు ఒక్క క్షణం చిన్నబోయి, మళ్లీ విచ్చుకుంది. “చూశారా, నిండు కుండ తొణకదు!” అంది పిన్నత్తగారు. “ఇంత పేరొచ్చినా చెల్లెలి మొగుడికి వాటా ఇస్తున్నాడు,” అన్నారు ఇంకొకరు. భార్య అన్నయ్యని మురిపెంగా చూసి, మొగుడి వైపు తిరిగి, “వాడి మంచితనం చూసైనా నేర్చుకోండి,” అంది.

నిజం చెప్పినా బావకే చప్పట్లు! ఇక కూర్చోలేకపోయాడు. గబగబా బయటికెళ్లి, డిక్కీ తెరిచి, ఆ చెప్పులు తీశాడు. పెరటి వైపు నుంచి వసారాలోకి వచ్చాడు. హాలుకీ వసారాకీ మధ్య ఓ తలుపు, అది మూసి ఉంది. అత్తగారి గది పక్కనే. చెప్పులేసుకుని, కళ్లు మూసుకుని, నడిచాడు.

టక్, జర్ర్. టక్, జర్ర్.

హాల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన వసారా చివరి దాకా వెళ్లి ఆగాడు. బొటనవేలితో ఎడమ చెప్పుని ముందుకి తోశాడు.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఏమే అమ్మాయ్, మళ్లీ అలిగావా? ఇంతమంది వచ్చినప్పుడు అన్నం తినకుండా ఎక్కడికే?”

అమ్మాయి హాల్లో, అన్నయ్య పక్కన, కుర్చీలో కూర్చునే ఉంది. అందరూ ఆవిడ పాదాల వైపు చూశారు. ఆవిడ కూడా వంగి తన పాదాల్ని చూసుకుంది.

తలుపు తెరిచింది బావగారే. చప్పుళ్లాయన, పాదాలు సగం బయటికొచ్చిన ఆడ చెప్పుల్లో, దొంగలా నిలబడి ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు.

“ఆ సీనుకి ఎన్ని ట్యూన్లు కట్టానో,” అన్నాడు బావగారు, చెల్లెలి వైపు చూస్తూ. “ఏది పెట్టినా ఈ అడుగులకి అడ్డమొచ్చేది. అన్నం దగ్గర నువ్వు అలిగి లేచి వెళ్లిపోవడం విన్నవాణ్ణి, నీ నడక నాకు తెలీదా? విన్న మొదటిరోజే గుర్తుపట్టాను. ఒకింట్లో పుట్టి పెరిగాం. ఏం లాభం? నాకు చప్పుడే వినిపించింది, బావకి పాట వినిపించింది.” ఆయన చప్పుళ్లాయన వైపు తిరిగాడు. “ఆ సీను బావుందని ఎవరన్నా అన్నప్పుడల్లా నాకు చెంప ఛెళ్లుమన్నట్టుంది. కుళ్లుకున్నాను బావా నీ మీద. సిగ్గులేకుండా కుళ్లుకున్నాను.”

ఈ మాట కోసం ఇన్నేళ్లు ఎదురుచూసి, ఇప్పుడు విన్నాక ఏం చేసుకోవాలో చప్పుళ్లాయనకి తోచలేదు. బావ మీద జాలి కూడా వేసింది. ఆయన కళ్లు మాత్రం భార్యనే వెతికాయి.

ఆవిడ లేచి, వసారాలోకి వచ్చింది. చెప్పుల్ని చూసింది. మొగుణ్ణి చూసింది.

“నాతో పాటు మీరూ కుక్కని తిట్టారుగా?”

ఆయన ఒక కాలు రెండో కాలి వెనక దాచుకోబోయాడు.

“నేను నిజంగా ఇలాగే నడుస్తానా?”

“అలిగినప్పుడు.”

“ఇన్నాళ్లూ విన్నారా?”

“ఇన్నాళ్లూ వినలేదు. ఆ రోజే విన్నాను. అప్పట్నుంచి ఇంకేమీ వినిపించడం లేదు.”

ఆవిడ కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి. “అంటే, నా నడక తీసుకెళ్లి ఆ హీరోయిన్‌కి తగిలించారన్నమాట! ఆవిడ నడుస్తుంటే జనమంతా చొంగలు కార్చుకుంటున్నారు. అది నాది! నన్నడిగారా? ఇంక ఏమేం ఇచ్చారు ఆవిడకి?”

“అది కాదే...”

“ఏం చెప్పక్కర్లేదు. విప్పండి నా చెప్పులు!”

ఆయన విప్పాడు. ఆవిడ వేసుకుని, విసురుగా తిరిగి, హాల్లోంచి వంటింటి వైపు వెళ్లిపోయింది. జనం దారిచ్చారు. పిన్నత్తగారు నోరు నొక్కుకుంది.

“బాగా కోపమొచ్చినట్టుంది బావా,” అన్నాడు సంగీత దర్శకుడు కంగారుగా. “వెళ్లి బతిమాలు.”

చప్పుళ్లాయన చెయ్యెత్తి ఆగమన్నాడు. తల కొంచెం వంచి విన్నాడు. టక్, టక్, టక్, టక్. మొహం విచ్చుకుంది.

“కోపం లేదు బావా,” అన్నాడు. “విను. ఎడమకాలు ఈడవట్లేదు.”