బురుజు సీను

అవార్డు వచ్చిన రోజు అందరూ దర్శకుడికి దండల మీద దండలు వేస్తుంటే, ఆ సినిమాని కూర్చిన ఎడిటరు మాత్రం ఆయన చెవి దగ్గరికి వెళ్ళి, "ఇంకాస్త కోయాల్సింది గురువుగారూ" అందట. అందట ఏమిటి, అంది. పక్కనున్న వాళ్ళంతా విన్నారు. కత్తెరమ్మ అనే పేరు ఆమెకి ఊరికే రాలేదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇప్పుడు బ్యాంకు వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఇన్నేళ్ళకి ఆ రాజుల కాలం యుద్ధాల సినిమాని మళ్ళీ హాళ్ళలో వేస్తామన్నారు. ఈ కాలం జనానికి అంత ఓపిక లేదు, కొంత తగ్గించి ఇవ్వమన్నారు. కత్తెరమ్మ కోస్తేనే ఒప్పుకుంటానన్నాడు దర్శకుడు. భార్య పోయాక ఆయన పని కోసం గడప దాటడం ఇదే మొదలు. ఆయన బయలుదేరగానే కూతురు కత్తెరమ్మకి ఫోను చేసింది.

"పిన్నీ, ఏం కోసినా కోయండి గానీ అమ్మ సీను జోలికి మాత్రం వెళ్ళకండి. నాన్న తట్టుకోలేరు."

"ఆ మాత్రం నాకు తెలీదటే, పిచ్చిపిల్లా" అంది కత్తెరమ్మ. తెలుసనే అనుకుంది.

ఎడిటింగు గదిలో తెరలు దించి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆ గదిలో మొదటినుంచీ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. బొమ్మ నడుస్తున్నంత సేపూ ఎవరూ నోరెత్తకూడదు. ఎక్కడ తప్పు కనబడినా, ఎక్కడ విసుగు పుట్టినా పెన్సిలుతో బల్ల మీద కొట్టాలి. మనిషికైతే మొహమాటం ఉంటుంది, చెక్కకేం మొహమాటం అనేవాడు.

ఆవేళ పెన్సిలు బాగానే మోగింది. కోట లోపలికి ఎర్రగుర్రం మీద వెళ్ళిన యువరాజు తెల్లగుర్రం మీద బయటికొచ్చాడు. టక్. మాసిన గడ్డం సిపాయి ఒకడు కోట వాకిట్లో చచ్చాడు, కాసేపటికి వంతెన మీద మళ్ళీ చచ్చాడు, ఆ తర్వాత మంటల్లో ఇంకోసారి. టక్, టక్. రీలు అయ్యాక బొమ్మ ఆపి ఇద్దరూ తగువుకి దిగారు.

"ఆ రోజు మనుషులు తక్కువయ్యారే" అన్నాడు దర్శకుడు.

"తక్కువైతే మాత్రం ఒక్కణ్ణే పట్టుకుని అన్నిసార్లు చంపుతారా? కనీసం గడ్డమైనా గీయించాల్సింది. అయినా అంత బాణాల వానలో యువరాజు మీసం మెలి చెదరదేమండీ?"

"ఆ మీసం అతికించడానికి ఎంత అవస్థ పడ్డామో నీకేం తెలుసు!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. కత్తెరమ్మకి కడుపు నిండినట్టయింది.

తర్వాత ఆ సీను వచ్చింది. ముసలి సేనాపతి చివరి యుద్ధానికి బయలుదేరుతూ కోట ద్వారం దాటాక గుర్రాన్ని ఆపి వెనక్కి చూస్తాడు. బురుజు మీద అతని భార్య. ఆ వేషానికి అనుకున్న నటి రాకపోతే, మొగుడికి క్యారియరు తెచ్చిన దర్శకుడి భార్యకే తెల్లజుట్టు తగిలించి అక్కడ నిలబెట్టారు. ఆవిడ చూస్తూ నిలబడింది. చెయ్యి సగం ఎత్తి దించేసింది. సైన్యం వెళ్ళిపోయింది, లేచిన దుమ్ము కూడా అణిగింది. ఆవిడ ఇంకా నిలబడే ఉంది.

కత్తెరమ్మకి సేనాపతి భార్య కనబడలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఈ గదిలోనే ఆకలితో పడి ఉంటే అన్నం పెట్టి, "ఆయన అరిస్తే నువ్వూ అరిచెయ్యవే" అని నూరిపోసిన అక్కయ్య కనబడింది. పెన్సిలు ఆమె వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

దర్శకుడు బొమ్మ ఆపాడు. "ఎలా ఉంది?"

"బాగుందండి. దీన్ని ఇలాగే ఉంచేద్దాం."

ఆయన ఆమె వేళ్ళ మధ్య ఉన్న పెన్సిలు వైపు చూశాడు.

"గుర్రం రంగు మారితే కొట్టావు. గడ్డంవాడు చస్తే కొట్టావు. ఇక్కడ సినిమా మొత్తం పీనుగై పడుకుంటే నీ చెయ్యి లేవలేదేం?"

కత్తెరమ్మ పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.

"ఇంటికొచ్చేవాళ్ళంతా నాతో ఇలాగే మాట్లాడుతున్నారు, మెత్తమెత్తగా. అమ్మాయీ అంతే. నా మీద విసుక్కునే మనిషి ఒక్కతి ఉండేది, పోయింది. ఇంకొకతివి నువ్వున్నావు కదా అని వచ్చాను. నువ్వూ బాగుందనేస్తే ఇక నేను సినిమా తీసేవాణ్ణి కాదు, పరామర్శకి కూర్చున్నవాణ్ణి. ఆ సినిమా వేసేవాళ్ళని ఎవరి చేతనైనా కోయించుకోమను. నేను వెళ్తాను."

సంచీ భుజాన వేసుకుని లేచాడు. కత్తెరమ్మకి తెలుసు, ఇప్పుడు ఈ తలుపు దాటితే ఈయన మళ్ళీ ఏ తలుపూ తెరవడు.

"కూర్చోండి!" అని అరిచింది. "బాగాలేదు. అప్పుడూ బాగాలేదు. అక్కయ్యకి నటన రాదు. ఎండ కళ్ళల్లో పడి రెప్పలు కొట్టుకుంటుంటే మీరు దాన్ని దుఃఖం అనుకున్నారు. ఆవిడే నాతో అంది, 'గోడకి కొట్టిన మేకులా ఉన్నానే, పీకెయ్యమని చెప్పు' అని. చెప్పాను. విన్నారా? ఆవిడ మీద కట్ చెప్పడానికి మీకు మనసు రాలేదు. ఇవాళ నాకూ రాలేదు. అంతే!"

ఆమెకి ఏడుపొచ్చేసింది. ఆయన మెల్లగా కూర్చున్నాడు.

"మేకులా అందా?"

"అవును, మేకులానే."

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ, అందులోనే ఏడ్చాడు. "ఆ తెల్లజుట్టు నిజంగా వచ్చే దాకా కూడా ఉండలేదే" అన్నాడు. కత్తెరమ్మ ఓదార్చలేదు. కళ్ళు తుడుచుకుని ఆయనే అన్నాడు: "తియ్యి."

తీసేసింది. అయితే సేనాపతి వెనక్కి తిరిగి చూసేదేమిటి? చూపుకి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి కదా. వాడకుండా మిగిలిన షాట్లన్నీ వెతికింది. ఆవిడ బురుజు ఎక్కకముందు, వెలుతురు సరిచూసుకోవడానికి తీసుకున్న ముక్క ఒకటి దొరికింది. అందులో గోడ, గోడ వెనక ఆకాశం, అంతే. దాన్ని తెచ్చి అతికించి బొమ్మ నడిపించింది.

ముసలి సేనాపతి గుర్రాన్ని ఆపి వెనక్కి తిరిగాడు. తలెత్తి చూశాడు. బురుజు మీద ఎవరూ లేరు. గుర్రాన్ని మళ్ళించుకుని యుద్ధానికి వెళ్ళిపోయాడు.

ఆ నటుడి మొహంలో అంత ఒంటరితనం ఉందని ఇన్నేళ్ళూ కత్తెరమ్మకే తెలియలేదు.

"ఇదే సీను" అన్నాడు దర్శకుడు. "ఇవాళ ఇంటి గేటు దాటాక నేనూ ఇలాగే వెనక్కి తిరిగి చూశానే." ఆ వెంటనే చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు: "ఆ గోడని ఇంకొంచెం సేపు ఉంచుదామా?"

ఆయన అడిగినంత సేపూ ఉంచాలనే ఆమెకి అనిపించింది.

"వద్దండి" అంది. "ఇంకొంచెం ఉంచితే, ఆవిడ వస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టుంటుంది."

ఆయన గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"రాదు" అన్నాడు. "అక్కడే కోసెయ్."

కత్తెరమ్మ కోసింది.