బాడీకి కట్టిన సెన్సర్

స్కానర్ తెర మీద నాక్ సెన్సర్ అంకె సున్నా దగ్గరే కూర్చుంది. విక్రమ్ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కదల్లేదు. పాత ఇంజన్, లోపలంతా మసి. టకటక ఉండి తీరాలి. ఆ చప్పుడు సెన్సర్‌కు అందితే కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తగ్గించి, నిప్పురవ్వను కాస్త ఆలస్యంగా వేసి, ఇంజన్‌ను కాచుకుంటుంది; బండి లాగుడు మాత్రం తగ్గుతుంది.

బానెట్‌లోకి తొంగిచూస్తే సంగతి తెలిసింది. సెన్సర్‌ను ఇంజన్ మీద నుంచి విప్పి, తీగతో బండి బాడీకి కట్టేశారు. మామ రామచంద్రయ్య చేతి పనే. వైరు ఊడలేదు గనుక డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలగదు. చప్పుడు అందదు గనుక టైమింగ్ తగ్గదు, బండి ఉరుకుతుంది. పిస్టన్లు పోయేది తర్వాతి మాట.

నాచారంలో ఆ మెకానిక్ షెడ్డు మామది. ఉండే ఇల్లూ మామదే. జనగామ నుంచి ఇల్లరికం వచ్చిన విక్రమ్‌కు తినే అన్నం, పట్టే పానా రెండూ ఆయనవే. బండి తెచ్చిన అచ్యుతరావు తెల్లారితే పిల్లల్ని తీసుకుని వరంగల్ పోతున్నాడు.

ఇంజన్ హెడ్డు విప్పి మసి తీద్దామని విక్రమ్ మెల్లగా అన్నాడు.

"అన్ని దినాలు బండి ఆపితే ఆయన ఉప్పల్ల ఇంకోని తాన్కి వోతడు. సప్పుడు జెయ్యకు అల్లుడా. గౌతమిని మంచిగ సూస్కో, సాలు."

కూతురి పేరు తెచ్చాక విక్రమ్ పానా కింద పెట్టాడు.

సాయంత్రం అచ్యుతరావు వచ్చి బండి ఎలా ఉందని అడిగాడు. రామచంద్రయ్య చేయి చూపించాడు. "మా అల్లుడే సూసిండు సార్. ఆయన్నే అడుగుండ్రి."

విక్రమ్ బానెట్ ఎత్తాడు. పానా తీసి ఇంజన్ మీద కొట్టి, స్కానర్ అటు తిప్పాడు. అంకె కదల్లేదు.

"సెన్సర్ ఇంజన్ మీద లేదు సార్. బిగిస్తే బండి గుంజదు. బిగియ్యకుంటే తొవ్వల పిస్టన్ వోతది."

రామచంద్రయ్య నేల చూస్తున్నాడు. అచ్యుతరావు ఇద్దరి మొహాలూ చూసి తాళం చెవికి చెయ్యి చాపాడు.

"మొన్న మేడిపల్లి దగ్గర ఎత్తు ఎక్కలేక నడిరోడ్డు మీద ఆగిపోయాను. ఇప్పుడు లాగుతోందిగా? వచ్చాక చూద్దాంలే."

బండి హుషారుగా ఉప్పల్ వైపు తిరిగింది.

మామ తిట్టలేదు. షట్టరు దించి, స్కూటర్ మీద కూర్చున్నాడు. "చెప్పినవు గద, అయిపాయె. ఎక్కు. అన్నం సల్లారుతది."

విక్రమ్ బండి పోయిన ఉప్పల్ వైపు ఒకసారి, ఇంటి వైపు ఒకసారి చూసి, మామ వెనక ఎక్కాడు.