మంచు మీద తొట్టి

కొట్టం తలుపు తోస్తూనే షూర్ చెవులు రిక్కించాడు. చప్పుడు లేదు. తండ్రిని పాతిపెట్టే రోజుకని కాచిన బీరు ఈపాటికి కుతకుతమంటూ ఉండాలి. నిన్న, అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉన్నప్పుడు ఈస్ట్ కలిపి, తొట్టికి గొర్రెతోళ్లు చుట్టి వెళ్లాడు. ఆ తోళ్లు మూలన పడున్నాయి. తొట్టి పెరట్లో మంచు మీద ఉంది. పక్కనే తమ్ముడు అస్లాక్, కలియబెట్టే తెడ్డు మీద ఆనుకుని.

"ఎవడు బయటపెట్టింది రా?"

"నేనే. బెర్గెన్ పట్నంలో చల్లగానే పులియబెడతారన్నా. నీ వేడికి ఈస్ట్ నారింజ తొక్క వాసన కొట్టి హాప్స్ పూలని మింగేస్తుంది. నాన్న పేరు చెప్పి తాగేవాళ్లకి ఆ పూల వాసన తగలొద్దూ?"

"ఇంట్లో ఉన్న ఈస్టంతా అందులోనే పోశాను రా, దరిద్రుడా! అమ్మమ్మ నాటిది. చచ్చిందంటే మళ్లీ దొరకదు."

"పోతే పోనీ. కొత్తది తెస్తాలే."

షూర్ పిడికిలి ఆ నోటి మీదే పడింది. పళ్లు మంచులో రాలాయి. అస్లాక్ తెడ్డు తిప్పి కొట్టాడు. షూర్ కుడి మణికట్టు పుటుక్కుమంది. ఎడమ చేత్తో జుట్టు దొరకబుచ్చుకుని తమ్ముడి మొహాన్ని గోడకేసి రాశాడు. గోడ మీద ఎర్రటి చార. అస్లాక్ గొడ్డులా రంకె వేసి మళ్లీ తెడ్డెత్తాడు. షూర్ పక్కకి తప్పుకోగానే దెబ్బ తొట్టికి తగిలింది. అడుగుకి బెత్తెడు పైన పలక చీలింది.

బీరంతా మంచులోకి ఉరికింది. పచ్చి హాప్స్ వాసన గుప్పుమంది, పూలగుత్తి అరచేతిలో నలిపినట్టు. తమ్ముడు అన్నది నిజమేనని షూర్‌కి తెలిసింది. తెలిసినందుకు వాణ్ణి కిందపడేసి ఇంకో రెండు తన్నాడు.

తర్వాత మోకాళ్ల మీద కూలబడి తొట్టిలో చెయ్యి పెట్టాడు. మెత్తగా తగిలింది. చలికి ముడుచుకుని ఈస్ట్ అడుగున మడ్డిలా పేరుకుపోయింది. వెచ్చగా పొంగుతూ ఉండుంటే బీరుతో పాటే పోయేది. ఎడమ చేత్తో తోడి చెక్కగిన్నెలో పోసుకుని, చొక్కా కింద కడుపుకి అదుముకున్నాడు. చల్లటి పాము పడుకున్నట్టుంది.

"లే. మళ్లీ కాయాలి, పొయ్యి వెలిగించు. చెయ్యి విరగ్గొట్టావుగా, నీళ్లు నువ్వే మొయ్యి."

అస్లాక్ రక్తం ఉమ్మాడు. "వెచ్చగానేనా?"

"పాలంత వెచ్చగా."

"అయితే హాప్స్ రెట్టింపు వెయ్యన్నా. ఆ వాసన కాస్తయినా మిగుల్తుంది."

షూర్ కాలెత్తాడు. తన్నితే గిన్నె ఒలుకుతుంది. దించాడు.

"వేసి చావు," అన్నాడు.