నాలుగో చుట్టు

మధ్యాహ్నం పన్నెండింటికి హాల్లో పాట మొదలైన అరనిమిషానికే చెల్లెలు ఆగిపోయింది. నడుం మీద చేయి వేసుకుని, సౌండు బల్ల వెనక నిలబడ్డ అన్న వైపు చూసింది.

"అన్నయ్యా, ఇది నా పాట కాదు."

"నీ పాటే. వాయించింది కూడా నీ సీడీలో ఉన్నాయనే. కాకపోతే ఇప్పుడు శుభ్రంగా వినపడుతోంది, అంతే తేడా."

అన్నయ్యది సౌండు పని. హాళ్ళలో మైకులు, స్పీకర్లు సర్దుతాడు. స్నేహితులు 'చెవుల డాక్టరు' అని పిలుస్తారు, ఆ పిలుపంటే అతనికి లోలోపల మహా ముద్దు. వారం కిందట చెల్లెలు తన సీడీ చేతిలో పెట్టి, "నాట్యం ఎంపికకి పాట ఫైలే తెమ్మన్నారు, ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టు," అంది. ఆ సీడీ నిండా గీతలు. ఎంత ఓపిగ్గా కాపీ చేసినా సీడీలో ఉన్నంతే వస్తుంది కదా, అదే డబ్బు పెట్టి పెద్ద ఫైలు దింపుకుంటే ఇరవైనాలుగు బిట్ల నాణ్యతతో, స్టూడియోలో తీగ మీద వేలు జారిన చప్పుడుతో సహా వస్తుంది అనుకున్నాడు. అలా బేరీజు వేసి, చెల్లెల్ని అడక్కుండానే డౌన్‌లోడ్ వైపు మొగ్గాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి మరి.

"నడక వేరు, ఆగే చోట్లు వేరు," అంది చెల్లెలు.

అతను ఫైలు వివరాలు మళ్ళీ చదివాడు. అదే కళాకారుడు, అదే స్టూడియో. కానీ సీడీలో ఉన్నది వాయించిన మర్నాడు, రెండోసారి వాయించిన పాట అది.

మూడింటికి ఎంపిక. సొంత వాద్యగాళ్ళతో ఊళ్ళు తిరిగే నాట్య బృందంలో ఒకే ఒక్క చోటు ఖాళీ ఉంది. మోకాలి ఆపరేషన్ తరవాత చెల్లెలు ఏడాదిపాటు ఈ ఒక్క పాటనే నమ్ముకుంది. ముప్పై రెండేళ్ళు దాటాక ఇలాంటి చోటు ఇంకోటి రాదని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అతను ఇంటికి పరుగెత్తి సీడీని డ్రైవులో పెట్టాడు. ముప్పావు పాట వరకూ సజావుగానే సాగింది. గీత దగ్గరికి వచ్చేసరికి డ్రైవు మొరాయించింది. చదివిన ముక్కనే మళ్ళీ చదువుతూ, ముందు చదివిన దానితో పోల్చుకుంటూ గింగురుమంది. గడియారం ఒంటిగంట దాటింది, ఒకటిన్నర దాటింది. ఆపేద్దామా అని రెండుసార్లు మీట మీద వేలు పెట్టి తీశాడు. చివరికి తెర మీద 'ఒక్క తప్పూ లేదు' అని పడింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని రెండున్నరకి హాలు చేరాడు.

వరండాలో చెల్లెలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాట వింటూ మెల్లగా అడుగులు వేసింది. మొహం తేటపడింది. అంతలోనే నల్లబడింది.

"నాలుగో చుట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ మూడే కదా!"

అతనికి అప్పుడు వెలిగింది. చెల్లెలు సాధన చేసే గదిలో పాత ప్లేయరు గీత తగిలినప్పుడల్లా పాటలో ఒక చుట్టు మింగేసి, కుదుపుతో ముందుకి గెంతేదన్నమాట. పాటే అంత అనుకుని చెల్లెలు నాట్యం కట్టుకుంది. తన డ్రైవేమో ఆ మింగినదాన్ని బుద్ధిగా కక్కించింది.

"అసలు పాటలో నాలుగేనే. ఇంకొక్క చుట్టు తిరిగెయ్, రెండు సెకన్ల పని," అన్నాడు.

ఆమె గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"మూడోదానికే మోకాలు పట్టేస్తుంది. నాలుగోది తిరిగితే పడతాను. ఏడాదిలో ఒక్కపూట వచ్చి చూసుంటే, ఇది నేను నీకు చెప్పాల్సి వచ్చేది కాదన్నయ్యా."

సాధన గది అతని ఇంటికి రెండు వీధుల అవతలే. అతనికి సిగ్గేసింది.

"లే. ఒకసారి తిరిగి చూపించు. చూస్తాను," అన్నాడు.

ఆమె తిరిగింది. అతను మొదటిసారి ఆ మోకాలిని చూశాడు. మూడో చుట్టు చివర ఎడమ కాలు సన్నగా వణికింది, బరువంతా కుడికాలి మీదికి పోయింది. నేల మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచి నాలుగో చుట్టు కోసేశాడు. చెవుల డాక్టరు కదా, అతుకు ఎక్కడుందో తెలియనంత నున్నగా అతికించాడు.

ఆమె విని తల అడ్డంగా ఊపింది. "కుదుపేది? ఆ కుదుపు వినపడితేనే కాలు మారుస్తాను. అది లేకపోతే కాలు కదలదు."

"అందరికీ వినపడుతుందే!"

"వినపడనీ."

లోపల్నించి ఆమె నంబరు పిలిచారు. అతను పళ్ళు బిగించి అతుకుని పీకేశాడు. పాట తెగినట్టు, గెంతినట్టు, ఏ పనిలోనూ చెయ్యనంత మోటుగా మళ్ళీ కలిపాడు. "ఇదే!" అంటూ ఆమె లోపలికి పరుగెత్తింది, వెనకే అతను లాప్‌టాప్‌తో సౌండు బల్ల దగ్గరికి.

పాట ఆ చోటికి వచ్చేసరికి అతను చుట్లు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. స్పీకర్లలో టక్కుమని కుదుపు హాలంతా వినపడింది. చెల్లెలు బరువు మార్చింది, నిలబడింది, ముందుకి సాగింది.

బృందం నడిపే పెద్దావిడ పాట ముగిశాక సౌండు బల్ల దగ్గరికి వచ్చింది. "ఏమండీ, రికార్డింగ్ పాడైందా?"

"లేదండీ, బాగానే ఉంది. నేనే కోశాను. అక్కడ నాలుగు చుట్లుంటాయి, మా చెల్లెలు మూడే తిరుగుతుంది."

ఆవిడ వేదిక మీద ఆయాసపడుతున్న మనిషిని కాసేపు చూసింది. తరవాత చేతిలో కాయితం మీద ఏదో రాసుకుంది.

"అయితే మా వాద్యగాళ్ళకి కూడా చెప్పాలి, అక్కడ మూడే వాయించమని," అంది.