ఐసక్క అడిగిన సెలవు

"క్షమించండి అండి, మీ ఇబ్బంది మాకర్థమైంది" అని ఆ ఉదయం ముప్పై ఒకటోసారి అంది ఆమె. మూడు రోజులుగా కుళాయిలో చుక్క రావడం లేదని అవతలి మనిషి అరుస్తున్నాడు. నీళ్లు లేకపోయినా ఆయన గొంతుకు మాత్రం వరదొచ్చింది. ఆయన వీధి పేరు, ఇంటి నంబరు ఆమె టైపు చేసింది. మధ్యలో ఆవలించింది కూడా. వినపడకుండా ఆవలించడం ఉద్యోగంలో చేరిన మూడో ఏట అబ్బిన విద్య.

నీటి సరఫరా కార్యాలయంలో అది ఫిర్యాదుల గది. ఆరుగురు ఆడవాళ్లు, ఆరు ఫోన్లు, ఒకటే కిటికీ. మిగతా ఐదుగురిలో ఎవరో ఒకరు నెలకోసారైనా ఏడుస్తారు. ఈమె పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ ఏడవలేదు. ఎవరెంత తిట్టినా నిమ్మకు నీరెత్తినట్టు, ఐసుముక్కలా చల్లగా కూర్చుంటుందని ఐసక్క అని పేరు పెట్టారు. ఆ పేరే ఆమె కొంప ముంచింది. బాగా మండిపడుతున్న మనిషి ఎవరు ఫోన్ చేసినా సూపర్‌వైజరు ఐసక్కకే మళ్లిస్తాడు. దున్నే ఎద్దునే పొడుస్తారు మరి.

మొదట్లో ఆ తిట్లన్నీ ఇంట్లో చెప్పి నవ్వేది. తర్వాత చెప్పడం మానేసింది, ఆ తర్వాత నవ్వడం. మొన్న కూరలో ఉప్పు లేదని భర్త అంటే "క్షమించండి అండి" అంది. ఆయన వేళాకోళమనుకుని నవ్వాడు. ఇంట్లో ఫోను మోగితే ఎవరిదో కూడా చూడకుండా బోర్లించేస్తోంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆమె అడిగింది. నెల రోజులు సెలవివ్వండి, లేదంటే ఫోను లేని బల్ల దగ్గరికి మార్చండి అని కాగితం రాసిచ్చింది. దానికి జవాబు ఇవాళ వచ్చింది.

సూపర్‌వైజరే స్వయంగా వచ్చి చెప్పాడు. మంచివాడే, ఆమెకన్నా పదేళ్లు చిన్న.

"మీరే లేకపోతే ఈ గది ఏమైపోవాలక్కా? ఈ ఎండాకాలం పోనీండి, చూద్దాం."

"పోయినసారి వానాకాలం పోనిమ్మన్నారు."

"గురువారం ఒక మేడమ్ వస్తున్నారు, మన ఒత్తిడి తగ్గించడానికి. ఊపిరి ఎలా పీల్చాలో నేర్పిస్తారట."

"సరే" అంది ఆమె. ఊపిరి పీల్చడం ఆమెకు వచ్చు. ఈమధ్య చేస్తున్నదల్లా అదే.

మధ్యాహ్నం మూడింటికి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఒక ఫిర్యాదు ఉందమ్మా."

"చెప్పండి అండి."

"మా అమ్మాయి పలకడం లేదు. పదకొండు రోజులైంది. ఫోను చేస్తే తియ్యదు."

ఆమె పక్కనున్న చీటీ మీద రాసుకుంది. ఆ చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

"మీ ఇబ్బంది మాకర్థమైంది. మీది ఏ వీధి అండి?"

అవతల ముసలావిడ పకపకా నవ్వింది. "చాల్లే నీ వేళాకోళం! ఎవరెవరో ఎత్తితే పెట్టేశాను. ఆరోసారికి నువ్వు దొరికావు."

"ఇంటి నంబరు చెప్పండి అండి."

నవ్వు ఆగిపోయింది.

"నేనే తల్లీ, అమ్మని."

నలభై నాలుగేళ్లుగా వింటున్న గొంతు. గుండె ఝల్లుమనాలి, అనలేదు. ఏడుపొస్తుందేమోనని ఒక నిమిషం చూసింది. రాలేదు. కన్నతల్లికి కూడా ఇబ్బంది అర్థమైందని చెప్పి ఇంటి నంబరు అడిగింది, అయినా ఏమీ అనిపించడం లేదు. అప్పుడు మాత్రం ఆమెకు భయం వేసింది.

"ఉండమ్మా, వస్తున్నా" అంది.

చేతిసంచి తీసుకుని లేచింది. సూపర్‌వైజరు గాభరాగా ఎదురొచ్చాడు.

"ఎక్కడికక్కా? లైనులో తొమ్మిదిమంది ఉన్నారు."

"మా అమ్మ ఫోను చేస్తే గొంతు గుర్తుపట్టలేదు నేను."

"అయ్యో, వాళ్ల వీధిలోనూ నీళ్లు రావట్లేదా? అడ్రసు చెప్పండి, నేను చూస్తా."

వివరించే ఓపిక లేక ఆమె మెట్లు దిగింది. రోజూ ఇంటికి బస్సెక్కే చోటు దాటి, రోడ్డుకి అవతల నిలబడడం కిటికీలోంచి ఐదుగురూ చూశారు. అమ్మ ఇంటివైపు వెళ్లే బస్సు వచ్చింది, ఎక్కేసింది.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. గురువారం మేడమ్ వచ్చి ఐదుగురికే ఊపిరి నేర్పి వెళ్లింది.

సోమవారం ఆ కుర్చీలోకి కొత్తావిడ వచ్చింది. బల్ల సర్దుతుంటే కీబోర్డు కింద ఒక చీటీ దొరికింది. "కూతురు పలకడం లేదు. పదకొండు రోజులు" అని గుండ్రటి అక్షరాలు, వాటి కింద ప్రతి ఫిర్యాదుకీ రాసే అలవాటు కొద్దీ రాసిన మరో ముక్క: "గడువు, రెండు పనిదినాలు."