ఎరుపు తగ్గిన బొమ్మ

సిగరెట్ పెట్టెల అట్టలు అచ్చు వేసే ఆ ప్రెస్సులో రంగులక్క మాటంటే మాటే. రంగు చూసి ఆమె తల ఊపందే ఒక్క అట్ట కూడా బయటికి పోదు. ఇరవై ఏళ్లలో ఆమె కన్ను ఒక్కసారీ పొరబడలేదు. అలాంటి మనిషి ఆ వారం తప్పు చేసింది, తెలిసి తెలిసి చేసింది.

ప్రభుత్వం ఏడాదికోసారి పెట్టె మీది హెచ్చరిక బొమ్మ మారుస్తుంది. ఈసారి వచ్చిన బొమ్మ ఆమె పెనిమిటిది. చెంపను తొలిచేసిన పుండు, దాని పైన అవే కళ్లు. ఆసుపత్రిలో ఫొటోకు ఒప్పుకుని సంతకం పెట్టింది ఆయనే. వద్దని ఆమె ఎంత ఏడ్చినా వినలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా. బతికుండగా సిగరెట్ పెట్టెను వదలని మనిషి, పోయిన ఎనిమిది నెలలకు పెట్టె మీదికే ఎక్కి కూర్చున్నాడు.

మొదటి షీటు మీద ఆ పుండు పచ్చిగా కనబడేసరికి ఆమెకు కట్టు మారుస్తుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకోవడం గుర్తొచ్చింది. చెయ్యి దానంతటదే ఎర్ర సిరా మీటను కాస్త తగ్గించింది. మర్నాడు ఇంకాస్త. శనివారానికి పుండు మానుతున్నట్టే కనిపించింది. పిచ్చిది, ఆ నాలుగు రోజులూ కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయింది.

సోమవారం తనిఖీ అధికారి వచ్చి, ప్రభుత్వ నమూనా పక్కన షీటు పెట్టి చూశాడు. అచ్చయినవన్నీ చించేయమన్నాడు. యజమాని సిరాను తిట్టాడు, యంత్రాన్ని తిట్టాడు, ఆమెను మాత్రం అనుమానించలేదు. అదే ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది. తగ్గించింది తనేనని చెప్పేసింది. ఎందుకో కూడా చెప్పింది.

అధికారి ఆ ఫొటో తీసిన రోజు శాఖ తరఫున తనూ ఆసుపత్రిలోనే ఉన్నానన్నాడు.

"కట్టు ఉంచే తీద్దామన్నామమ్మా. ఆయనే విప్పేశాడు. మాట రాదు కదా, కాగితం మీద రాసి చూపించాడు. సరిగ్గా కనబడనీండి, చూసినవాడికి భయం వెయ్యాలి అని."

అది ఆయన మాటే. ఆమెకు సందేహం లేదు, ఏడుపు మాత్రం ఆగలేదు.

యంత్రం దగ్గరికి వెళ్లి మీట తనే పైకి జరిపింది. మీట పక్కనున్న కొలతలో గీత గీతకూ షీటు తీసి చూసుకుంది. చెంప మళ్లీ పచ్చిపుండయింది.

"కొంచెం ఓర్చుకో," అంది, కట్టు మార్చేటప్పుడు రోజూ అన్నట్టే.

అధికారి సరిపోయిందన్నాడు. ఆమె తల ఊపలేదు. నమూనాతో మరోసారి పోల్చి, ఇంకొక్క గీత జరిపి, అప్పుడు ఊపింది.